ఆధునిక మేఘసందేశం

పూర్వం మన పల్లెల్లో రైతు తెల్లవారగానే ఆకాశం వైపు చూసేవాడు. చీమలు గుడ్లను మోసుకొని మెరక ప్రదేశాలకు సాగితే వాన దగ్గరలోనే ఉన్నదని గ్రహించేవాడు. కార్తెను బట్టి దుక్కిని, విత్తును నిర్ణయించుకొనేవాడు. క్రీ.శ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో మేఘాల రూపాలను, గాలుల దిశలను, వర్ష సూచనలను విపులంగా చర్చించాడు. ఈ పరిశీలనలన్నీ నేలపై నిలిచి ఆకాశాన్ని చూసి చేసినవి. మేఘమండలాన్ని అంతరిక్షం నుంచి నిరంతరం గమనించే అవకాశం మాత్రం ఇరవయ్యవ శతాబ్దిలోనే లభించింది.

1960 ఏప్రిల్ 1న అమెరికా ‘టైరోస్-1’ అనే ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అది పనిచేసింది 78 రోజులే. అయినా అది పంపిన వేలాది చిత్రాలు వాతావరణ శాస్త్రానికి కొత్త చూపునిచ్చాయి.

వాతావరణ ఉపగ్రహాలు ప్రధానంగా రెండు విధాలు. ధ్రువాల మీదుగా భూమిని చుట్టివచ్చేవి మొదటి రకం. ఇవి తక్కువ ఎత్తులో ఉండి స్పష్టంగా చూడగలవు కాని, ఒక్కొక్క ఉపగ్రహం ఒక ప్రదేశం మీదుగా సాధారణంగా రోజుకు రెండు సార్లు మాత్రమే సాగుతుంది. రెండవ రకం ఉపగ్రహాలు భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమితోపాటే తిరుగుతాయి. అందువల్ల అవి ఒకే చోట నిలిచి ఉన్నట్లు కనిపిస్తాయి. వీటి కక్ష్యను భూస్థిర కక్ష్య అంటారు. సముద్రం మీద పుట్టిన అల్పపీడనం వాయుగుండమై, తుఫానుగా మారే క్రమాన్నంతటినీ ఇవి ఎడతెగకుండా చూడగలవు.

ఉపగ్రహం కేవలం ఛాయాచిత్రాలు తీసే యంత్రం కాదు. పగటివేళ మేఘాలపై పడి పరావర్తనం చెందే సూర్యకాంతిని అది గ్రహిస్తుంది. రాత్రివేళ మేఘాల నుంచి, సముద్రం నుంచి వెలువడే పరారుణ కిరణాలను కొలుస్తుంది. మేఘశిఖరం ఎంత ఎత్తుకు పెరిగితే అంత చల్లగా ఉంటుంది. కాబట్టి ఉష్ణోగ్రతను బట్టి మేఘం ఎత్తును అంచనా వేయవచ్చు. కంటికి కనిపించని నీటి ఆవిరిని సైతం మరొక పరికరం గుర్తిస్తుంది. వరుసగా తీసిన చిత్రాలలో మేఘాల కదలికను పోల్చి, పైగాలుల వేగాన్ని లెక్కిస్తారు. తుఫాను మేఘాల చుట్టను, మధ్యనున్న ‘కన్ను’ను పరిశీలించి దాని తీవ్రతను నిర్ణయించే పద్ధతిని వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1970వ దశకంలో రూపొందించాడు.

అయితే ఉపగ్రహం చూసేది ప్రధానంగా మేఘాల పైభాగాన్నే. కింద గాలి ఎంత బలంగా వీస్తున్నదో, పీడనం ఎంత పడిపోయిందో తెలుసుకోవడానికి రాడార్లు, బెలూన్లు, సముద్రంలో తేలే బోయాలు తోడ్పడతాయి. ఈ సమాచారమంతా కంప్యూటర్లకు చేరి, గణితసూత్రాల సాయంతో మదింపు జరిగిన తరువాతనే సూచన వెలువడుతుంది. ఇంత చేసినా, ఒక తుఫాను హఠాత్తుగా బలపడే తీరును ముందుగా చెప్పడం నేటికీ శాస్త్రజ్ఞులకు కఠిన సమస్యయే.

ఈ విజ్ఞానం విలువ తెలుగు తీరానికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు పదివేల మందిని బలిగొన్నది. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లమీదికి వచ్చిపడింది. నాటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983 ఆగస్టులో ప్రయోగించిన ఇన్సాట్-1బి ఆ కొరత తీర్చింది. అది మేఘాలను చూడటంతోపాటు మరొక ఉపకారం కూడ చేసింది. తీరప్రాంతాలలో నెలకొల్పిన ప్రత్యేక గ్రాహకాలకు దాని ద్వారా హెచ్చరికలు పంపే ఏర్పాటు జరిగింది. ముందు సైరను మోగేది, వెంటనే స్థానిక భాషలో హెచ్చరిక వినిపించేది. 1990 మే 9న కృష్ణానది ముఖద్వారం వద్ద పెనుతుఫాను తీరం దాటినప్పుడు, ముందుగానే లక్షకు పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరణాలు వెయ్యికి లోపే. ఆ సంఖ్య కూడ చిన్నది కాదు, కాని దివిసీమతో పోల్చినప్పుడు హెచ్చరిక ఎన్ని ప్రాణాలను కాచిందో బోధపడుతుంది.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు అలకానగరంలోని తన భార్యకు మేఘం ద్వారా సందేశం పంపుతాడు. సందేశానికి సార్థకత అది చేరవలసిన వారికి చేరడంలో ఉన్నది. ఈ సత్యాన్ని 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫాను కఠినంగా నేర్పింది. నాడు సముద్రంలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. ఆకాశంలోని కన్ను ఎంత చూసినా, ఆ చూపు మాటగా మారి పడవలోని మనిషికి అందకపోతే ప్రయోజనం లేదు.

అందుకే నేడు సూచనను ప్రజల వద్దకు చేర్చడం కూడ వాతావరణ శాస్త్రంలో భాగమైంది. వాతావరణశాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో ప్రమాద తీవ్రతను తెలుపుతున్నది. ఓడరేవులలో ప్రమాద సూచికలు ఎగురవేస్తారు. హైదరాబాదులోని ‘ఇన్‌కాయిస్’ సంస్థ ఉపగ్రహ సమాచారాన్ని ఉపయోగించి, చేపలు సమృద్ధిగా దొరికే ప్రాంతాలను మత్స్యకారులకు తెలుపుతున్నది. సెల్‌ఫోను సంకేతాలు అందని నడిసముద్రంలో ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందించే ‘జెమిని’ పరికరం 2019లో వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినా, ముందస్తు సూచనల వల్ల మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి.

2002లో శ్రీహరికోట నుంచి ఎగసిన వాతావరణ ఉపగ్రహానికి, మరుసటి ఏడాది వ్యోమగామి కల్పనా చావ్లా స్మృత్యర్థం ‘కల్పన-1’ అని పేరు పెట్టారు. 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డిఎస్ అక్కడి నుంచే ఎగసింది. ఉపగ్రహాలను పంపేది శాస్త్రజ్ఞులు. అవి పంపిన హెచ్చరికను అర్థం చేసుకొని, ఇంటిలోని వృద్ధులకు, ఇరుగుపొరుగు వారికి విడమరచి చెప్పవలసింది చదువుకున్న మనం. తుఫాను వేళ ఊరిలో ఒక్కరు నమ్మకంగా పలికిన మాట కూడ ఒక కుటుంబాన్ని కాపాడగలదు.

ప్రశ్నలు

1. వాతావరణ ఉపగ్రహాలు ఎన్ని విధాలు? వాటి భేదాలను వివరించండి.
2. ఉపగ్రహం రాత్రివేళ మేఘాలను ఎలా గుర్తిస్తుంది?
3. ‘సందేశానికి సార్థకత అది చేరవలసిన వారికి చేరడంలో ఉన్నది’ – పాఠం ఆధారంగా సమర్థించండి.