రక్తం తిరిగొచ్చాక మొదలయ్యే తంటా

రక్తం అందకపోతే కండ చచ్చిపోతుందని మీకు తెలుసు. మరి అందితే? "ఇంకేముంది తాతయ్యా, బతుకుతుంది" అంటారు. అక్కడే ఉందర్రా మెలిక!

1940లో జర్మన్లు లండన్ మీద రాత్రిళ్లు బాంబులు కురిపించారు. కూలిన గోడల కింద కాలో చెయ్యో నలిగి, గంటల తరబడి ఇరుక్కుపోయినవాళ్లను బయటికి లాగేవారు. లాగినప్పుడు మనిషి బాగానే మాట్లాడేవాడు. హమ్మయ్య అనుకునేలోపే కాలు వాచి బిగుసుకుపోయేది, బీపీ పడిపోయేది, మూత్రం తగ్గిపోయి ముదురు గోధుమరంగుకు తిరిగేది. వారం నాటికి హఠాత్తుగా ప్రాణం పోయేది. హేమర్‌స్మిత్ ఆసుపత్రి డాక్టరు ఎరిక్ బైవాటర్స్, డెస్మండ్ బీల్‌తో కలిసి ఇలాంటి నలుగురి సంగతి 1941లో రాశాడు. బరువు తీయగానే నలిగిన కండలోకి రక్తం పారింది. అక్కడి పొటాషియాన్నీ, మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్‌నూ ఒళ్లంతా మోసుకెళ్లింది. మయోగ్లోబిన్ కిడ్నీలకు అడ్డం పడుతుంది, పొటాషియం గుండెను ఆపేయగలదు.

వెనక్కొచ్చిన రక్తం ఆ కండను కూడా వదలదు. ఆక్సిజన్ లేనంతసేపూ కణంలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుంటుంది. స్టవ్ వెలిగించకుండా గ్యాస్ వదిలేసి, కాసేపాగి అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనదూ? ఆక్సిజన్ తగలగానే సక్సినేట్ గబగబా ఖర్చయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ అనే దుడుకు పదార్థం పుట్టి దొరికినదాన్నల్లా పాడుచేస్తుంది. కేంబ్రిడ్జిలో మైకేల్ మర్ఫీ బృందం 2014లో ఎలుకల మీద ఈ గుట్టు విప్పింది. పైగా కణంలోకి కాల్షియం చొరబడుతుంది, మైటోకాండ్రియా పొరలకు చిల్లులు పడతాయి.

అలాగని గుండెలో బ్లాక్ తీయించుకోవద్దనుకునేరు! తెరిస్తే పోయేది కొంతే, తెరవకపోతే అంతా పోతుంది. ఛాతీ నొప్పొస్తే గ్యాసేలే అని సోడా తాగి కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మరి ఈ నష్టాన్ని తగ్గించే దారి లేదా? 1986లో అమెరికాలో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనే పరిశోధకులు ఓ విచిత్రం చూశారు. కుక్క గుండెలోని రక్తనాళాన్ని అయిదేసి నిమిషాలు నాలుగుసార్లు మూసి, తెరిచి, ఆ తర్వాత నలభై నిమిషాలు మూశారు. ముందు ఆ అలవాటు చేయని గుండెల్లో చచ్చిన కండతో పోలిస్తే, వీటిలో చచ్చింది పావు వంతే!

మనిషికి గుండెపోటు చెప్పి రాదు కదా. అందుకని వచ్చాకే, గుండెకు బదులు చేతికి బీపీ పట్టీ బిగిస్తూ వదులుతూ, అదే ఉపాయం పనిచేస్తుందేమో చూశారు. అయిదు వేలమందికి పైగా రోగుల మీద జరిపిన ఆ పరీక్ష ఫలితం 2019లో వచ్చింది: లాభం కనబడలేదు.