చదివిన చదువు లెక్కలోకి రావాలి

1999 జులైలో చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీని అంతరిక్షానికి మోసుకెళ్లిన కొలంబియా నౌకకు కమాండర్ ఐలీన్ కాలిన్స్. అమెరికా స్పేస్ షటిల్‌కు కమాండర్ అయిన తొలి మహిళ ఆమె. ఆమె కాలేజీ చదువు మొదలైంది పేరున్న యూనివర్సిటీలో కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీలో. 1976లో అక్కడ గణితం, సైన్సుల్లో రెండేళ్ల డిగ్రీ, 1978లో సిరక్యూస్ యూనివర్సిటీ నుంచి బీఏ. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో, రెండేళ్లు యూనివర్సిటీలో అన్న అసలు పథకం కాగితం మీద ఉన్నట్టే నడిచిందన్నమాట. అందరికీ అలా నడవడం లేదు. కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో ఐదుగురిలో నలుగురు ఏనాటికైనా నాలుగేళ్ల డిగ్రీ తీసుకుంటామనే చెబుతారు. చేరినవాళ్లందరిలో యూనివర్సిటీ దాకా వెళ్లేది దాదాపు మూడో వంతు. ఆరేళ్లలో డిగ్రీ చేతికందేది వందకు 16 మందికి. చదువు ఖరీదు చూస్తే ఈ దారి కిటకిటలాడాలి. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ ఫీజు స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లే.

పేదరికం, ఉద్యోగం చేస్తూ చదవడం, పిల్లల బాధ్యత: ఈ కారణాలన్నీ నిజమే. అయితే యూనివర్సిటీలో సీటు సంపాదించాక కూడా విద్యార్థిని వెనక్కి లాగేది మరొకటి ఉంది. అప్పటికే పాసైన కోర్సులు అక్కడ చెల్లకపోవడం. 2004-09 మధ్య కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా కట్టింది. సైన్సులో ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. చరిత్రలో ఒక కోర్సు చెల్లకపోతే ఇంకో కోర్సు తీసుకుని గట్టెక్కవచ్చు. కెమిస్ట్రీలో ఆ వీలు లేదు. జనరల్ కెమిస్ట్రీ రెండు భాగాలూ అయితేనే ఆర్గానిక్, అది అయితేనే బయోకెమిస్ట్రీ. ఒక అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ పాసై వచ్చిందనుకుందాం. యూనివర్సిటీ ఆ క్రెడిట్లను ‘తీసుకుంటుంది’. డిపార్ట్‌మెంట్ మాత్రం ల్యాబ్ గంటలు సరిపోలేదంటూ వాటిని ఐచ్ఛికాల (ఎలక్టివ్) ఖాతాలో వేస్తుంది. మొత్తం క్రెడిట్లు తగ్గవు గానీ ప్రధాన సబ్జెక్టు అయిన మేజర్‌కు అవి పనికిరావు. ఆ కోర్సు ఏడాదికి ఒక్కసారే నడిచే చోట అయితే ఏడాది పోయినట్టే. పేద విద్యార్థులకు ఆధారమైన పెల్ గ్రాంట్ జీవితకాలంలో మొత్తం 12 సెమిస్టర్లకే వస్తుంది. చదివిందే మళ్లీ చదవడానికి ఆ సెమిస్టర్లు కరిగిపోతాయి. ఇందులో విద్యార్థి తప్పు ఎక్కడుందో నాకైతే కనిపించదు.

కాబట్టి చేయాల్సింది స్పష్టమే. మొదటి సెమిస్టర్ నుంచి ఏ కోర్సు ఏ మేజర్‌కు చెల్లుతుందో రెండు సంస్థల అధ్యాపకులూ కలిసి కూర్చుని ముందే రాసిపెట్టాలి. చివరి మాట చేర్చుకునే యూనివర్సిటీది గనుక బరువు కూడా దాని మీదే ఉండాలి. ఇదేమీ గాలిలో మేడ కాదు. నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ, జార్జ్ మేసన్ యూనివర్సిటీ 2018 నుంచి ‘అడ్వాన్స్’ పేరుతో ఈ పని చేస్తున్నాయి. కాలిఫోర్నియా 2010లోనే చట్టం తెచ్చింది: ట్రాన్స్‌ఫర్ కోసం రూపొందించిన 60 యూనిట్ల డిగ్రీ ఉంటే, అదే సబ్జెక్టులో స్టేట్ యూనివర్సిటీ ఇంకో 60కి మించి అడగకూడదు. సైన్సు దగ్గర ఇదీ కొంత తడబడింది. ఇంజినీరింగ్ లాంటి వాటికి ముందే పూర్తిచేసుకు రావాల్సిన గణితం, ఫిజిక్స్ అంతా 60లో ఇమడదు. 2021లో మరో చట్టంతో అలాంటి సబ్జెక్టులకు ఆరు యూనిట్ల దాకా పెంచే వీలు కల్పించాల్సి వచ్చింది. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా విద్యార్థి ఈసెట్ ర్యాంకుతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చుంటాడు. అతని పేపర్లు ఒక్కొక్కటీ విప్పి ఇది చెల్లుతుంది, అది చెల్లదు అని ఎవరూ తేల్చరు. లెక్కల్లో కొందరు ఇబ్బంది పడే మాట నిజమే అయినా, ఏ ఏడాదిలో చేరతామన్న అనుమానం మాత్రం వాళ్లకు ఉండదు.

ఇలా గంపగుత్తగా ఒప్పుకుంటే ప్రమాణాలు పడిపోతాయని ప్రొఫెసర్లు అంటారు. తేలిగ్గా తోసిపుచ్చే అభ్యంతరం కాదిది. కొత్త క్యాంపస్‌లో తొలి సెమిస్టర్ మార్కులు తగ్గే ధోరణికి పరిశోధకుడు జాన్ హిల్స్ 1965లోనే ‘ట్రాన్స్‌ఫర్ షాక్’ అని పేరు పెట్టాడు. అయితే ఆ తగ్గుదల సాధారణంగా తాత్కాలికం. ప్రవేశాలు కఠినంగా ఉండే యూనివర్సిటీల్లో కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చినవాళ్లు హైస్కూల్ నుంచి నేరుగా చేరినవాళ్లతో సమానంగా, కొన్నిసార్లు మెరుగ్గా, డిగ్రీ పూర్తి చేస్తున్నారని జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ 2019 అధ్యయనం చూపింది. వాళ్లు ఏరికోరి తీసుకున్నవాళ్లు గదా అంటారా? అవును, నేరుగా చేరినవాళ్లనూ అలాగే ఏరారు. ఇక కమ్యూనిటీ కాలేజీ ల్యాబ్‌లో పరికరాలు తక్కువైతే అక్కడికి పరికరాలు పంపాలి గానీ, చదివిన పిల్లకు శిక్ష వేయడం దేనికి?

రెండో అభ్యంతరం డబ్బు. క్రెడిట్లు చెల్లినంత మాత్రాన అద్దె, బస్ ఛార్జీలు తీరవు, నిజమే. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2007లో మొదలుపెట్టిన ‘ఏసాప్’ కార్యక్రమం ఫుల్‌టైం చదివేవాళ్లకు ఫీజులో మిగిలిన భాగం, పుస్తకాలకు సాయం, రవాణా పాసు, పట్టించుకునే అడ్వైజర్‌ను ఇచ్చింది. లాటరీ పద్ధతిలో ఎంపికచేసి జరిపిన పరీక్షలో మూడేళ్లలో రెండేళ్ల డిగ్రీ పూర్తిచేసినవాళ్లు 22 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు. తలసరి ఖర్చు పెరిగినా డిగ్రీ చొప్పున లెక్కిస్తే తగ్గింది. చదువు మధ్యలో ఆగిన విద్యార్థి మీద పెట్టిన డబ్బే అసలైన దుబారా. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే ‘ఎస్-స్టెమ్’ స్కాలర్‌షిప్పులు రెండేళ్ల కాలేజీల సైన్సు పిల్లలకూ అందుతాయి. ఆ నిధి వచ్చేది హెచ్-1బీ వీసా కోసం కంపెనీలు కట్టే ఫీజు నుంచే. అంటే హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లే ఒక్కొక్క ఇంజినీర్ వెనుక అక్కడి ఓ పేద విద్యార్థి చదువుకు కొంత సొమ్ము జమవుతోంది. వీసా ఫీజుల మీద ఇంత రచ్చ చేసే మన టీవీ చర్చల్లో ఈ మాట వినపడదు.

యూనివర్సిటీలు ఏటా ఎందరిని చేర్చుకున్నామో గొప్పగా ప్రకటిస్తాయి. వాటిని అడగాల్సిన లెక్క వేరు: ట్రాన్స్‌ఫర్‌పై వచ్చిన ఒక్కో విద్యార్థి క్రెడిట్లలో మేజర్‌కు చెల్లినవెన్ని, ఎలక్టివ్ ఖాతాలో పడ్డవెన్ని, డిపార్ట్‌మెంట్ల వారీగా. ఆ పట్టిక బయటపెట్టని యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం ఆపేయాలి.