రిష్తా సైట్‌లో ప్రొఫైల్ తీసేసినా సెర్చ్‌లో ఎందుకు కనిపిస్తోంది?

సంబంధం కుదిరింది, మంగ్నీ అయింది. అబ్బా అదే రోజు రిష్తా సైట్ తెరిచి అమ్మాయి ప్రొఫైల్ డిలీట్ చేశారు. వారం తర్వాత అబ్బాయి తరఫు బంధువొకరు ఫోన్ చేసి, "ఇంకా సంబంధాలు చూస్తున్నారా భాయ్‌సాబ్?" అని అడిగితే ఆ ఇంట్లో ఎలా ఉంటుంది? గూగుల్‌లో వెతికితే అమ్మాయి పేరు, ఊరు, చదువు అన్నీ ఉన్నాయి. నొక్కితే మాత్రం 'ప్రొఫైల్ లేదు' అని వస్తోంది.

సైటువాళ్లు మోసం చేశారనే ఎవరైనా అనుకుంటారు. ఒక్కోసారి అదీ నిజం కావచ్చు. కానీ చాలాసార్లు కారణం వేరు. ఒకే సమాచారం మూడు నాలుగు చోట్ల ఉంటుంది, అన్నీ ఒకేసారి మారవు.

అసలు రికార్డు డేటాబేస్‌లో ఉంటుంది. రెండోది క్యాష్. నగదు కాదు, ప్రతిసారీ లోపలికెళ్లి వెతక్కుండా చేతికందేలా పెట్టుకున్న నకలు. మూడోది సెర్చ్ ఇండెక్స్. "గుంటూరు, బీటెక్" అని కొట్టగానే సరిపోయే ప్రొఫైళ్లు తెచ్చిచ్చేది ఇదే. పుస్తకం వెనక ఏ మాట ఏ పేజీలో ఉందో రాసే పట్టికలాంటిది. పేజీ చింపేసినా పట్టికలో మాట అలాగే ఉంటుంది కదా.

దుకాణం లెక్కలు రాసేవాళ్లకి ఇది తెలిసిందే. జమ చిట్టాలో రాశారు, ఆవర్జాలోకి ఎక్కించడం మర్చిపోయారు. అప్పు తీర్చినవాడి పేరు మీద ఇంకా బాకీ కనిపిస్తుంది.

డేటాబేస్‌లో మార్చి, వెంటనే ఇండెక్స్‌లోనూ మార్చమని ప్రోగ్రాం రాస్తే సరిపోదా? మొదటిది అయ్యాక, రెండోది అయ్యేలోపు సర్వర్ ఆగిందంటే ఆ తేడా అలాగే ఉండిపోతుంది. ఎవరైనా ఫిర్యాదు చేసేదాకా తెలీదు. అందుకే జాగ్రత్త ఉన్న సైట్లు మార్పులన్నీ వరుసగా ఒక చిట్టాలో రాసి, ఇండెక్స్ దాన్ని చదువుకుంటూ వచ్చేలా పెడతాయి. మధ్యలో ఆగినా, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. ప్రతి మార్పుకూ ఒక నంబరు వేస్తారు. లేకపోతే ఆలస్యంగా వచ్చిన పాత మార్పు కొత్తదాని మీద పడి, డిలీట్ అయిన ప్రొఫైల్ మళ్లీ లేచి కూర్చుంటుంది.

క్యాష్‌తో ఇంకో చిక్కు. అందులోంచి ఒక నకలు పోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. మనిషి డిలీట్ చేయడం ఒకటి. చోటు చాలకో గడువు తీరో సిస్టమే తీసేయడం ఇంకోటి. మొదటిదైతే ఇండెక్స్‌లోంచి కూడా తీయాలి. రెండోదైతే తీయకూడదు, అసలు రికార్డు భద్రంగానే ఉంది. రెండూ ఒకటే అనుకుని ప్రోగ్రాం రాసేస్తే, సంబంధం కోసం ఎదురుచూసే అమ్మాయి ప్రొఫైల్ సెర్చ్‌లోంచి మాయమవుతుంది. ఇంట్లోవాళ్లు కిస్మత్ అనుకుంటారు.

ఇదంతా సైటు లోపలి సంగతి. గూగుల్ ఇండెక్స్ వేరు. గూగుల్ ఆ పేజీని మళ్లీ వచ్చి చూసేదాకా పాతదే చూపిస్తుంది. రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. పేజీ లేనప్పుడు సైటు సర్వర్ 404 లేదా 410 అనే కోడ్ పంపాలి. కొన్ని సైట్లు పైకి 'ప్రొఫైల్ లేదు' అని చూపిస్తూ, లోపల మాత్రం 200 అని, అంటే అంతా బాగుందని పంపుతాయి. అప్పుడు ఇంకా ఆలస్యం.

అన్నాళ్లు ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. గూగుల్‌లో 'రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్' అనే పేజీ ఉంది. సైటు ఓనరే కానక్కర్లేదు, గూగుల్ అకౌంట్ ఉంటే చాలు. సెర్చ్‌లో వచ్చిన లింకు కాపీ చేసి అక్కడ పెట్టాలి. పేజీ నిజంగా పోయి ఉంటేనో, ఆ వివరాలు పేజీలో ఇప్పుడు లేకపోతేనో ఒప్పుకుంటుంది. ఫోటోకి వేరే లింకు ఉంటుంది, దానికి విడిగా రిక్వెస్ట్ పెట్టాలి. బింగ్‌కీ ఇలాంటి పేజీ ఉంది.

ఫోన్ నంబరో ఇంటి అడ్రసో ఇంకా పేజీలోనే ఉంటే దారి వేరు. 2022 ఏప్రిల్ నుంచి అలాంటివి సెర్చ్‌లోంచి తీయమని గూగుల్‌ను అడగొచ్చు. అయితే అది సెర్చ్‌లోంచి తీస్తుందంతే, సైట్‌లో ఉన్నది సైట్‌లోనే ఉంటుంది. కాబట్టి సైటువాళ్లకీ మెయిల్ పెట్టాలి. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ మాత్రం గూగుల్‌కి రిక్వెస్ట్ పెట్టకముందే తీసి ఉంచుకోవాలి, తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.