లైవ్‌లో విరాళం: పేరు చదివారు సరే, డబ్బు ఎక్కడికి చేరింది?



పోయిన నెల ఒక ఏడో తరగతి అబ్బాయి పొద్దున్నే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "మ్యామ్, నిన్న లైవ్‌లో ఆ అన్న నా పేరు చదివాడు!" అన్నాడు. వరద బాధితుల కోసమని ఎవరో గేమింగ్ లైవ్ పెట్టారట. వీడు అమ్మను అడిగి, అమ్మ ఫోన్ నుంచి వంద రూపాయలు పంపాడట. "చాలా మంచి పని చేశావు నాన్నా. మరి ఆ వంద ఎవరికి చేరింది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆ అన్నకి" అన్నాడు.

సాయం చేయాలన్న వాడి మనసును మనం మెచ్చుకోవాల్సిందే. అయితే ఈ లైవ్‌లు ఎలా నడుస్తాయో, డబ్బు ఏ దారిన వెళ్తుందో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. ఈ నెల ఆ సంగతి చూద్దాం.

హుండీకీ లైవ్‌కీ తేడా

హుండీలో డబ్బు వేసి దండం పెట్టుకుని వచ్చేస్తాం. లైవ్‌లో అలా కాదు. డబ్బు పంపిన మరుక్షణమే స్క్రీన్ మీద ఏదో ఒకటి మారుతుంది. పేరు చదువుతారు, లక్ష్యం చూపించే గీత ముందుకు జరుగుతుంది, ఆడేవాళ్లు మనం అడిగింది చేస్తారు. నేనిచ్చిన దానివల్ల ఇది జరిగింది అని కళ్లారా కనిపిస్తుంది. దాతలను కట్టిపడేసేది ఇదే.

దీనికి మంచి ఉదాహరణ కెనడాలో 2007లో మొదలైన "డెజర్ట్ బస్ ఫర్ హోప్". కొందరు మిత్రులు ఒక విసుగు పుట్టించే వీడియో గేమ్‌ను ఎంచుకున్నారు. అందులో ఎడారి రోడ్డు మీద ఎనిమిది గంటలు బస్సు నడిపితే వచ్చేది ఒకే ఒక్క పాయింట్! ప్రేక్షకులు డబ్బు ఇస్తున్నంతసేపూ వీళ్లు బస్సు నడుపుతూనే ఉండాలి. మొదటి గంట ఖరీదు 1 డాలర్. ఆ తర్వాత ప్రతి గంటకూ ముందు గంటకన్నా 7 శాతం ఎక్కువ.

ఇది మన ఎనిమిదో తరగతి లెక్కల్లో వచ్చే చక్రవడ్డీయే. ఒక రోజంతా, అంటే 24 గంటలు నడిపించడానికి మొత్తం 58 డాలర్లు చాలు. కానీ 100వ గంట ఒక్కదానికే సుమారు 811 డాలర్లు కావాలి. వంద గంటలకు కలిపి 12 వేల డాలర్లు దాటుతుంది. అందుకే మొదట్లో చిన్న మొత్తం ఇచ్చినవారికీ తమ వల్లే బస్సు కదిలిందనిపిస్తుంది, చివర్లో అందరూ కలిస్తేగానీ బస్సు కదలదు. మొదటి ఏడాదే 22 వేల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బు ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకు బొమ్మలు, ఆటలు అందించే "చైల్డ్స్ ప్లే" అనే సంస్థకు వెళ్లింది.

మనవాళ్లు ఆడిన ఆట

కోవిడ్ రెండో దశ తీవ్రంగా ఉన్న 2021 మే 13న విశ్వనాథన్ ఆనంద్, మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక, వారితో పాటు నిహాల్ సరీన్, ప్రజ్ఞానంద ఆన్‌లైన్‌లో చదరంగం ఆడారు. విరాళం ఇచ్చిన మామూలు ఆటగాళ్లకు వాళ్లతో ఆడే అవకాశం వచ్చింది. ఆనంద్‌తో ఆడాలంటే 150 డాలర్లు, మిగతా నలుగురిలో ఒకరితో ఆడాలంటే 25 డాలర్లు. సుమారు 37 లక్షల రూపాయలు సమకూరాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. డబ్బు ఇండియన్ రెడ్‌క్రాస్‌కూ, అఖిల భారత చెస్ సమాఖ్య కోవిడ్ సహాయ నిధికీ వెళ్తుందని ఆట మొదలవకముందే చెప్పారు. ఎంత ఇస్తే ఏం దొరుకుతుందో చెప్పారు. తర్వాత ఎంత వచ్చిందో కూడా చెప్పారు.

వంద రూపాయల ప్రయాణం

అన్ని లైవ్‌లూ ఇలా ఉండవు. యూట్యూబ్‌లో సూపర్ చాట్ ద్వారా ఇస్తే, ఆ డబ్బు ముందు ఛానల్ నడిపేవారి ఆదాయంగానే లెక్క. అందులో 30 శాతం యూట్యూబ్ తీసుకుంటుంది. అంటే వందలో సుమారు డెబ్బై ఛానల్‌కు వస్తుంది, అది బాధితులకు చేరడం ఆ వ్యక్తి మాట మీద ఆధారపడి ఉంటుంది. స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ పెడితే డబ్బు ఆ కోడ్ ఎవరిదో వాళ్ల ఖాతాలో పడుతుంది. లింక్ నేరుగా సేవాసంస్థ సొంత వెబ్‌సైట్‌కు తీసుకెళ్తే అది అన్నిటికన్నా మేలైన దారి.

పంపే ముందు పిల్లలతో కలిసి చూడండి

• ఏ సంస్థకు ఇస్తున్నారో పేరుతో చెప్పారా? "పేద పిల్లల కోసం" అంటే సరిపోదు.
• క్యూఆర్ స్కాన్ చేయగానే వచ్చే పేరు ఆ సంస్థదేనా, లేక ఎవరో వ్యక్తిదా?
• రసీదు ఇస్తారా? పాత పన్ను విధానంలో ఉన్న తల్లిదండ్రులకు, అర్హత ఉన్న సంస్థ రసీదు ఉంటేనే పన్ను మినహాయింపు వస్తుంది.
• ఇంతకుముందు చేసిన లైవ్‌ల డబ్బు అందజేసినట్టు రుజువు చూపించారా?
• "మీ డబ్బు వాపసు చేస్తాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంకో చిన్న మాట. "ఇంకా ఐదు నిమిషాలే" అనే కౌంట్‌డౌన్ చూస్తే పెద్దవాళ్లమే ఆగలేం, పిల్లలు ఎలా ఆగుతారు? అందుకే ఎంత ఇవ్వాలో లైవ్ మొదలవకముందే ఇంట్లో అనుకోండి. అది వాళ్ల పాకెట్ మనీలోంచి అయితే మరీ మంచిది. యూపీఐ పిన్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

మా అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం వాడు, వాళ్లమ్మ కలిసి ఆ ఛానల్ అంతా వెతికారట. రసీదు కనిపించలేదు. "కామెంట్‌లో అడిగాను మ్యామ్, ఇంకా రిప్లై రాలేదు" అన్నాడు మర్నాడు. వచ్చేసారి పంపే ముందే అడుగుతానని కూడా అన్నాడు.