మతిమరుపు దుకాణానికి ఒక చీటీ

ఆన్‌లైన్‌లో ఒక చీర నచ్చుతుంది. బుట్టలో వేస్తాం, ధర చూసి వెనక్కి తగ్గుతాం. మర్నాడు అదే సైటు తెరిస్తే చీర బుట్టలోనే ఉంటుంది. లాగిన్ అయిందీ లేదు, పేరు చెప్పిందీ లేదు. "సార్, మనమెవరో చెప్పకుండానే దానికెలా గుర్తుంది?" అని తరగతిలో ఒకమ్మాయి అడిగింది. వ్యాపారానికి వెబ్‌సైటు కట్టించుకునేవాళ్లు రంగులకీ లోగోకీ బోలెడు ఖర్చు పెడతారు గానీ, అమ్మకం నిలబడేది ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీదే.

వెబ్‌కి పుట్టుకతోనే మతిమరుపు. టిమ్ బెర్నర్స్-లీ దాన్ని సెర్న్ ప్రయోగశాలలో తయారుచేసింది శాస్త్రవేత్తలు పత్రాలు పంచుకోవడానికి. బ్రౌజర్ పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అంతటితో సరి. మరుక్షణం ఇంకో పేజీ అడిగినా, అడిగింది పాత మనిషో కొత్త మనిషో సర్వర్‌కి తెలియదు. ఇది లోపమని నేననను. ఎవరినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు కాబట్టే ఒక్క సర్వర్ వేలమందికి జవాబివ్వగలదు. కానీ దుకాణం సంగతి వేరు. చీర ఒక పేజీలో, జాకెట్టు గుడ్డ ఇంకో పేజీలో, డబ్బు కట్టేది మూడో పేజీలో ఉంటాయి. మూడూ అడిగింది ఒకరేనని తేలకపోతే బేరమే లేదు.

దీనికి జవాబుగా బ్రౌజర్ చేతికిచ్చే గుర్తు చీటీ రాకముందు ఉన్న ఉపాయాలు చూస్తే నవ్వొస్తుంది. పేజీ చిరునామాలోనే ఒక నంబరు ఇరికించడం ఒకటి. ఆ లింకు చెల్లెలికి పంపితే మీ బుట్ట ఆవిడకి తెరుచుకుంటుంది. ఫారంలో కంటికి కనపడని గడులు పెట్టి వివరాలు మోయించడం ఇంకొకటి. కొందరు ఆ గడిలో ధర కూడా రాసేవారు. కాస్త తెలిసిన కొనుగోలుదారు దాన్ని దిద్దుకుని, తనకి తోచిన రేటుకి సరుకు తెప్పించుకోవచ్చు.

1994లో బ్రౌజర్లు తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీకి ఎంసీఐ అనే అమెరికా టెలిఫోన్ సంస్థ నుంచి ఆన్‌లైన్ దుకాణం పని వచ్చింది. సగంలో ఆగిన కొనుగోళ్ల భారం తన సర్వర్ల మీద పడకూడదని ఎంసీఐ షరతు. ఆ ముడి విప్పింది ఆ కంపెనీ ఇంజినీరు లూ మోంటుల్లీ. సులువైన దారి ఆయన ముందే ఉంది: ఒక్కో బ్రౌజర్‌కి ఒక శాశ్వత నంబరు ఇచ్చి, అది ప్రతి సైటుకీ చెప్పేలా చేయడం. మోంటుల్లీ అది వద్దన్నాడు. అలా చేస్తే సైటులన్నీ నంబర్లు సరిచూసుకుని, ఎవరు ఎక్కడెక్కడ తిరిగారో లెక్క తీయగలవు. అందుకని ఏ సైటు చీటీ ఆ సైటుకే అన్నాడు. జాన్ జానాండ్రియాతో కలిసి దానికి నిబంధనలు రాశాడు. అదే కుకీ.

పనితీరు చూడండి. మీరు చీర నొక్కగానే సర్వర్ పేజీతో పాటు కనపడని ఒక వరస పంపుతుంది: సెట్-కుకీ: బుట్ట=చీర27. బ్రౌజర్ దాన్ని ఆ సైటు పేరు కింద దాచుకుంటుంది. ఆ తర్వాత ఆ సైటును ఏది అడిగినా, అడిగే మాటకి ‘కుకీ: బుట్ట=చీర27’ అని అదే తగిలిస్తుంది. అంతే! సర్వర్‌కి ఏమీ గుర్తులేదు. ప్రతిసారీ మనమే గుర్తుచేస్తున్నాం. కుకీ అంటే ప్రోగ్రాం కాదు, ఫైళ్లు వెతకలేదు, తనంతట తాను కదలలేదు. నాలుగు కిలోబైట్లకి మించని అక్షరాల ముక్క. గడువు తేదీ రాయకపోతే బ్రౌజర్ మూయగానే పోతుంది, రాస్తే ఆ తేదీ దాకా ఉంటుంది. మర్నాటి బుట్ట రహస్యం ఇదే.

సరుకుల జాబితా అంతా చీటీలో మోయడం తర్వాత మానేశారు. ఇప్పుడు జాబితా దుకాణం దగ్గరే ఉంటుంది, చీటీలో నంబరు మాత్రం ఉంటుంది. గుడి ముందు చెప్పుల స్టాండు టోకెన్ లాగా. మీ మొహం వాడికి గుర్తుండదు, టోకెన్ చూపిస్తే చాలు. 27 చేతిలో పెట్టుకుని 28 అని చెప్పి పక్కవాళ్ల జోడు పట్టుకుపోయే వీలుండకూడదు కాబట్టి, ఊహకందని పొడవైన నంబరు ఇస్తారు.

అయితే ‘ఏ సైటు చీటీ ఆ సైటుకే’ అన్న గోడకి కన్నం ఉంది. పేజీలో ఒక బొమ్మ వేరే సర్వర్ నుంచి వస్తే, ఆ సర్వర్ కూడా తన చీటీ తగిలించవచ్చు. చీటీ ఎవరిదన్నది, వస్తువు ఎవరిని అడిగామన్నదాన్ని బట్టే కదా. డబుల్‌క్లిక్ లాంటి ప్రకటనల కంపెనీలు దీన్ని పట్టుకున్నాయి. ఎన్నో సైటుల్లో తమ ప్రకటనలు పెట్టాయి. చదివేవాడు ఎక్కడికి వెళ్లినా అదే చీటీ వాళ్ల దగ్గరికే చేరుతుంది. మోంటుల్లీ ముందుగుమ్మంలో వద్దన్న నంబరు దొడ్డిదారిన ఇంట్లోకొచ్చింది.

1997లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన డేవిడ్ క్రిస్టల్, మోంటుల్లీ కలిసి ఒక ప్రమాణ పత్రం రాశారు. ఇలాంటి పరాయి చీటీలను బ్రౌజర్లు మామూలుగా తీసుకోకూడదని అందులో ఉంది. ప్రకటనలవాళ్లు గోల చేశారు. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ దాన్ని పక్కన పెట్టేశాయి. పత్రం మీద తన పేరున్నా, పరాయి చీటీలను పూర్తిగా ఆపితే కంపెనీలు కనపడని దారులు వెతుక్కుంటాయని, కుకీని కనీసం చూసి చెరిపేయొచ్చని మోంటుల్లీ వాదన. నా మొగ్గు ఆ పత్రం వైపే. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: అక్షరాల ఫాంట్లు, తెర కొలతలు చూసి మనిషిని ఆనవాలు పట్టే పద్ధతులు తర్వాత నిజంగానే వచ్చాయి.

మిగతాది తెలిసిందే. 2007లో గూగుల్ డబుల్‌క్లిక్‌ను 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. యూరప్ చట్టాల పుణ్యమా అని ‘అంగీకరిస్తున్నాను’ పెట్టెలొచ్చాయి. 2020లో సఫారీ బ్రౌజర్ పరాయి చీటీలకు తలుపు పూర్తిగా మూసింది. క్రోమ్ కూడా మూస్తుందన్న గూగుల్ 2024లో మాట మార్చుకుంది.

చిన్న దుకాణదారుకి ఈ గొడవ అంటదు, సొంత సైటు చీటీ చాలు. ఆ చీటీని పేజీలోని స్క్రిప్టుతో కాకుండా సర్వర్‌తోనే స్క్రిప్టులు చదవలేని విధంగా ఇప్పించుకోవాలి. స్క్రిప్టు రాసిన చీటీని సఫారీ ఏడు రోజుల్లో చెరిపేస్తుంది, దొంగ స్క్రిప్టులు దాన్ని చదవనూ గలవు. ఇక గడువు అంటారా, బ్యాంకు సైటయితే కొద్ది నిమిషాలు కదలకపోతేనే బయటికి తోసేయాలి. చీరల కొట్టు నెల రోజులిచ్చినా తప్పులేదు. పెళ్లి చీర అత్తగారికి చూపించాలి, ఆడపడుచుకి చూపించాలి, ఆ తర్వాత గానీ డబ్బు కట్టే పేజీ దాకా రారు.