పేరులో చెరువున్న ఊరు

నాగరగెరె పేరు చివరనున్న గెరె అంటే కన్నడంలో చెరువే. గౌరిబిదనూరు తాలూకాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనుండే ఈ వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఊళ్ల పేర్లలో మాత్రం ఎటు చూసినా నీళ్లే.

చెరువు తూము తీసి, ఏ మడికి ఎన్ని నీళ్లో పంచడం ఒకప్పుడు నీరుగంటి పని. చెరువు నిండితే కింద బావులు ఊరేవి, బావిమీద ఎద్దుల కపిలె ఆడేది. కపిలె పోయి మోటారొచ్చింది, దాని వెనకే బోరొచ్చింది. నీరుగంటితో ఎవరికీ పని లేకపోయింది. నా లెక్కన చెరువు ఎండడం ఆ రోజే మొదలైంది. వాన తగ్గడం తర్వాతి మాట.

రిగ్గు లారీ వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని, ఇక్కడ నీళ్లున్నాయని ఎవరో చూపించిన పాయింటులోనే బోరు. ముందు ఎర్రమట్టి లేస్తుంది, తర్వాత తెల్లటి రాతిపొడి. పొడి తడిసి బురదైతే నీళ్లు తగిలినట్టు. వెయ్యి అడుగులు దాటినా పొడే లేస్తుంటే, "ఇంకో వంద పోనీ అన్నా" అంటాడు రైతు. అడుగుకింత అని లెక్క. నీళ్లు పడకున్నా కట్టాల్సిందే. జూదమని తెలుసు, ఆడకుంటే మల్బరీ ఎండుతుంది.

అంత లోతున నల్లరాతి సందుల్లో ఏళ్లతరబడి నిలిచిన నీళ్లకు ఫ్లోరైడు పడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు, పెద్దల మోకాళ్లలో పట్టు ఆ నీళ్ల గుర్తులే.

నంది కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా పోయి నెల్లూరు చేరేసరికి పెన్న. ఇక్కడ ఏటిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. పడమటి కనుమల నుంచి నీళ్లు తెచ్చే ఎత్తినహొళె పథకానికి 2014లో చిక్కబళ్లాపురంలో శంకుస్థాపన చేశారు. సకలేశపుర దగ్గర మొదటి దశ ప్రారంభమైంది 2024 సెప్టెంబరులో. ఈలోగా బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగును రెండు దశల్లో శుద్ధిచేసి ఈ చిక్కబళ్లాపురం జిల్లా చెరువులకు పంపుతున్నారు. మూడో దశా చేయండని రైతు సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. గౌరిబిదనూరులో రైలెక్కి కూలికి బెంగళూరు పోయినవాళ్లు అక్కడ స్నానం చేసిన నీళ్లే తమ జిల్లాకు తిరిగొస్తున్నాయన్నమాట!

తాగడానికి మాత్రం ఫిల్టరు గది. బిళ్ల వేస్తే బిందె నిండుతుంది. కరెంటు లేనప్పుడు బిందెలు వరుసలో ఉంటాయి, బిళ్లలు కొంగుముడిలో.