వివృత క్వాంటం వ్యవస్థల కాలపరిణామం: లిండ్‌బ్లాడ్ సమీకరణం – పరిధి
పరిసరాలతో శక్తిని, సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనే వ్యవస్థను వివృత క్వాంటం వ్యవస్థ అంటారు. దాని స్థితిని సాంద్రతా మాత్రిక సూచిస్తుంది. ఆ మాత్రిక కాలంతో మారే తీరును మాస్టర్ సమీకరణం తెలుపుతుంది.

1957లో రెడ్‌ఫీల్డ్ రూపొందించిన సమీకరణం అణు అయస్కాంత అనునాద అధ్యయనంలో ఎంతో ఉపకరించింది. అయితే కొన్ని ప్రారంభ స్థితులకు అది రుణాత్మక సంభావ్యతలనిస్తుంది. ఇది భౌతికంగా అర్థరహితం. 1976లో గోరిని, కొస్సకోవ్‌స్కీ, సుదర్శన్‌లు ఒకవైపు, లిండ్‌బ్లాడ్ మరొకవైపు స్వతంత్రంగా ఈ లోపానికి తావులేని సాధారణ రూపాన్ని నిరూపించారు. అందులో క్షయరేట్లేవీ రుణాత్మకం కావు.

ఈ రూపం పరిసరాలకు గతస్మృతి లేదన్న మార్కోవ్ ఉజ్జాయింపుపై ఆధారపడింది. పరిసరాల సహసంబంధాలు వ్యవస్థ సడలింపు కాలం కంటె ఎంతో త్వరగా క్షీణించినప్పుడే అది చెల్లుతుంది. లేనిచో స్మృతిని లెక్కలోకి తీసుకొనే నకజిమా–జ్వాంజిగ్ సమీకరణాన్ని ఆశ్రయించవలసి ఉంటుంది. కనుక ఈ రెండు కాలప్రమాణాలను పోల్చి చూచిన పిమ్మటనే సమీకరణాన్ని ఎంచుకోవడం సముచితం.